పాయింట్లు పోయినా డెల్కో డెల్కోనే

పాత అంబాసిడర్ బానెట్ ఎత్తి, ఇంజన్ పక్కన నల్ల మూతతో, ఐదు లావుపాటి వైర్లతో కనిపించే డబ్బాను చూపించి ఇదేమిటని అడగండి. హైదరాబాద్‌లో పాతకాలపు మెకానిక్ అయితే "డెల్కో" అంటాడు. డిస్ట్రిబ్యూటర్ అన్నది పుస్తకాల్లోనో, స్పేర్ పార్ట్స్ కొట్టు బిల్లు మీదో కనిపించే మాట. దాని ఒంటి మీద లూకాస్ అనే బ్రిటిష్ కంపెనీ పేరు అచ్చు పోసి ఉన్నా ఉస్తాద్ నోట్లో అది డెల్కోనే.

ఇప్పుడు పాత బండ్ల వాళ్లు నలుగురు కలిస్తే ఆ డెల్కో మీదే తగువు. లోపల తెరుచుకుని మూసుకుంటూ కరెంటును కోసే పాయింట్లు పీకేసి, అదే పని చేసే ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించాలా, వద్దా? పెట్టించుకున్న వాళ్లలో కొందరు నెల తిరగకముందే మళ్లీ పాయింట్లకు వచ్చేసి, కిట్‌ను తిడుతూ తిరుగుతారు. నేను చూసినంతలో ఆ తిట్లలో చాలావరకు కిట్‌కు తగలాల్సినవి కావు. ఎందుకో తెలియాలంటే ఆ డబ్బా ఎలా పుట్టిందో, అందులో ఏది మారిందో, ఏది మారలేదో చూడాలి.

పెట్రోలు ఇంజన్‌కు నిప్పురవ్వ అందించడం మొదట్లో పెద్ద తలనొప్పి. చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌నే తీసుకోండి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన బండి అది. 1911లో ఆయన పోయారు. బండి ఉస్మాన్ అలీఖాన్ కాలంలో వాడకంలోకి వచ్చింది. ఆనాటి సిల్వర్ ఘోస్ట్‌లకు ఒక్కో సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు ఉండేవి. బ్యాటరీతో నడిచే ట్రెంబ్లర్ కాయిల్‌తో స్టార్ట్ చేసి, ఇంజన్ అందుకున్నాక, దాని తిరుగుడుతోనే కరెంటు పుట్టించే మాగ్నెటోకు మార్చాలి. నిజాం బండికైనా ఆ తంటా తప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని డేటన్ ఊళ్లో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు ఒక తేలికైన దారి కనిపెట్టాడు. బ్యాటరీ, ఒక కాయిల్, తెరుచుకుని మూసుకునే ఒక జత పాయింట్లు. 1910 మోడల్ క్యాడిలాక్ కార్లకు అది ఎక్కింది. ఆయన స్థాపించిన డేటన్ ఇంజనీరింగ్ లేబరేటరీస్ కంపెనీ పేరులోని ఇంగ్లిష్ పొడి అక్షరాలే డెల్కో. 1912 క్యాడిలాక్‌కు ఎలక్ట్రిక్ స్టార్టర్ ఇచ్చింది కూడా ఆయనే. అంటే మనం "సెల్ఫ్ కొట్టు" అన్నా, "డెల్కో చూడు" అన్నా తలుచుకునేది ఒకే మనిషిని.

పని చేసే తీరు ఇది. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు కాయిల్‌లో కరెంటు పారి అయస్కాంత శక్తి నిండుతుంది. డెల్కో షాఫ్ట్ మీద ఎత్తుపల్లాలతో తిరిగే కామ్ పాయింట్లను విడదీయగానే ఆ కరెంటు ఆగి, కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. మూత కింద తిరిగే రోటర్ ఆ వోల్టేజీని వంతు ప్రకారం ఒక్కో ప్లగ్గుకు పంచుతుంది. అంబాసిడర్‌లో ఆ వరస 1, 3, 4, 2. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే నాలుగు సిలిండర్లకు కలిపి సెకనుకు వంద రవ్వలు కావాలి. అంటే ఆ చిన్న పాయింట్లు సెకనుకు వందసార్లు విడిపోవాలి. అరగక ఏం చేస్తాయి? కామ్‌ను రాసుకునే మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, పాయింట్లు ఆలస్యంగా విడిపడతాయి. టైమింగ్, అంటే రవ్వ పడే సమయం, వెనక్కి జారుతుంది. పికప్ పోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ మొదలయ్యాక ఈ సామాను మన దేశంలోనే తయారైంది. అంబాసిడర్లు, ఫియట్‌లు నగరాన్ని ఏలిన ఆ దశాబ్దాల్లో పాయింట్లు సరిచేయడమే ఒక బతుకుతెరువు. లూకాస్ 25డీ4 డెల్కోకు గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ లేని చోట విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కే కొలత. మాడిన పాయింట్లను అగ్గిపెట్టె పక్కగోడ మీద రుద్దేవాళ్లు. సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితాన్ని పాయింట్ల మధ్య పెట్టి డెల్కోను మెల్లగా తిప్పేవాళ్లు. కాగితం జారి వచ్చిన చోటే టైమింగ్. నవ్వకండి, అది పని చేస్తుంది.

ఎలక్ట్రానిక్ రావడానికి కారణం సౌకర్యం ఒక్కటే కాదు, పొగ కూడా. 1970లో అమెరికా స్వచ్ఛమైన గాలి చట్టాన్ని బిగించింది. ఇంజన్ కొత్తగా ఉన్నప్పుడే కాదు, వేల మైళ్లు తిరిగాక కూడా పొగ హద్దులో ఉండాలన్నారు. అరిగే పాయింట్లతో అది కుదరదు. 1973 మోడళ్లకల్లా క్రిస్లర్ తన అమెరికా కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది. తర్వాతి కిట్లలో చాలావాటికి ఆధారం హాల్ ఎఫెక్ట్. 1879లో ఎడ్విన్ హాల్ గమనించిన సంగతి అది: కరెంటు పారే పలక దగ్గరికి అయస్కాంతం వస్తే అందులో అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుంది. షాఫ్ట్‌తో పాటు తిరిగే అయస్కాంతాల రింగు సెన్సర్ ముందు నుంచి పోతుంటే, ట్రాన్సిస్టర్ కాయిల్ కరెంటును కోస్తుంది. రాపిడి లేదు, మాడటం లేదు.

మన దగ్గర ఈ మార్పు వేరే దారిన వచ్చింది. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు గట్టిపడి, ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చి, కార్బురేటర్‌తో పాటు పాయింట్లూ కొత్త బండ్లలోంచి వెళ్లిపోయాయి. పాత బండ్లు మాత్రం మిగిలాయి. రాణిగంజ్‌లో ఇప్పటికీ పాయింట్ల సెట్టు దొరుకుతుంది, కానీ డబ్బాలో ఉన్న రకాన్ని బట్టి మన అదృష్టం. మా ఇంట్లోని అంబాసిడర్‌కు, పాయింట్లు మాడిపోకుండా కాచే కండెన్సర్ కొత్తది కొన్న రెండో వారమే అది చచ్చి, మిట్టమధ్యాహ్నం ట్యాంక్‌బండ్ మీద బండి నిలిచిపోయింది. వెనక హారన్లు, ముందు బుద్ధుడు. ఆ టెన్షన్‌లోనే కిట్ పెట్టించాలని తీర్మానించుకున్నాను.

పెట్టించాను. ఐడ్లింగ్ బాగుంది, స్పీడందుకుంటే మిస్ కొడుతోంది. కిట్‌నే అనుమానించాను. చివరికి తేలింది డెల్కో షాఫ్ట్‌ను ఊగకుండా పట్టి ఉంచే బుష్ అరిగిందని. పట్టుకుని ఊపితే షాఫ్ట్ ఆడుతోంది. కిట్ మార్చేది పాయింట్లను, కండెన్సర్‌ను మాత్రమే. షాఫ్ట్, బుష్, దాని కింద స్పీడుకు తగ్గట్టు టైమింగ్‌ను ముందుకు జరిపే బరువులు, స్ప్రింగులు, ఇంజన్ పీల్పును బట్టి టైమింగ్ మార్చే వాక్యూమ్ డబ్బా, రోటర్, మూత, అన్నీ కెటరింగ్ వారసత్వమే. కిట్ వేసే ముందు అవి బాగుచేయాలి. తగువంతా ఇక్కడే ఉంది.

ఆ తర్వాత వైరింగ్. పాత బ్రిటిష్ కార్లలో కొన్నింటికి బ్యాటరీ పాజిటివ్ ఎర్త్, అంటే పాజిటివ్ కొనను బాడీకి కలిపి ఉంటారు. నెగెటివ్ ఎర్త్ కోసం చేసిన కిట్‌ను దానికి తగిలిస్తే క్షణంలో కాలిపోతుంది. కాయిల్ నిరోధం కొలవకుండా కిట్ కొనడం ఇంకో పొరపాటు. పాతకాలపు మామూలు కాయిల్ 3 ఓంల దగ్గర, కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్‌తో వాడేది 1.5 ఓంల దగ్గర ఉంటుంది. కిట్‌లోని ఎలక్ట్రానిక్ ముక్కకు, అంటే మాడ్యూల్‌కు, పూర్తి 12 వోల్టులు అందాలి, బ్యాలస్ట్ దాటి వచ్చిన కరెంటు కాదు. ఉత్త రాగి వైర్లకు బదులు ప్లగ్గులకు రెసిస్టెన్స్ ఉన్న హై టెన్షన్ వైర్లు వేయాలి, లేకపోతే రవ్వల నుంచి పుట్టే విద్యుత్ గోలకు సెన్సర్ తికమక పడుతుంది. ఇంజన్ ఆపి, రేడియో కోసం కీ ఆన్‌లో వదిలేసే అలవాటుంటే మానుకోవాలి. చాలా మాడ్యూళ్లు చచ్చేది అలాగే.

సెన్సర్‌కు, రింగుకు మధ్య ఖాళీని కిట్‌తో వచ్చే ప్లాస్టిక్ ముక్కతో చూసుకోవాలి. పాయింట్లు తీసి కిట్ వేశాక టైమింగ్ మళ్లీ పెట్టాల్సిందే. పాత గీత దగ్గరే వదిలేస్తే కుదరదు. వాక్యూమ్ పైపు ఊడదీసి మూసి, ఐడ్లింగ్‌లో టైమింగ్ లైట్‌తో పుల్లీ గుర్తు చూడాలి. డెల్కోను ఒక డిగ్రీ తిప్పితే ఇంజన్‌కు రెండు డిగ్రీలు, ఎందుకంటే అది ఇంజన్‌లో సగం వేగంతోనే తిరుగుతుంది. అందుకే చేత్తో కొంచెం తిప్పి "చాల్లే" అనే ఉస్తాద్‌ను అక్కడే ఆపాలి.

మెయింటెనెన్స్ అక్కర్లేదన్న మాట కిట్ డబ్బా మీద బాగుంటుంది. రోటర్ కింది ఫెల్ట్ మీద అప్పుడప్పుడూ రెండు చుక్కల నూనె పడాలి, లేకపోతే బరువులు బిగుసుకుంటాయి. వానాకాలంలో మూత లోపల తడి తుడవాలి. సన్నటి నల్లగీత కనిపిస్తే అది కరెంటు దొంగదారి, మూత మార్చాలి.

2021లో కేంద్రం యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదంటుంది. మూత కింద దాక్కునే కిట్‌తో బండి పాతరూపం చెడదు. పైగా వెనక్కి తీయాలన్నా అరగంట పని. మా బండి డిక్కీలో పాత ప్లేటు, పాయింట్లు, ఒక కండెన్సర్ గుడ్డలో చుట్టి ఉన్నాయి. హ్యాక్సా బ్లేడు ముక్క కూడా.