వెబ్ పేజీలో మ్యాప్: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

"ప్లగిన్ పడేస్తే అయిపోయేదానికి ఇన్ని రోజులా?" వెబ్‌సైట్లలో మ్యాపులు పెట్టే పని ఒప్పుకున్న ప్రతిసారీ సైటువాళ్ల నుంచి ఈ మాట వింటున్నాను. ప్లగిన్ అంటే సైటుకు తగిలించే రెడీమేడ్ కోడ్. మ్యాప్ తెర మీదకు రావడానికి పది నిమిషాలు చాలు, నిజమే. ఆ తర్వాతే అసలు పని. నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: లీఫ్‌లెట్ ఉచితం, కాబట్టి మ్యాపూ ఉచితమే.

లీఫ్‌లెట్ అంటే వెబ్ పేజీలో మ్యాప్ చూపడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ, అంటే రెడీమేడ్ కోడ్. అందులో అసలు మ్యాపే లేదు. వొలొదిమిర్ అగాఫొన్‌కిన్ 2011లో విడుదల చేసిన ఈ లైబ్రరీ, కుదించాక 40 కేబీ పైచిలుకు ఉంటుంది. అందులో ప్రపంచం ఎక్కడ పడుతుంది? చూసేవాళ్లు మ్యాప్‌ను ఎటు జరిపారో గమనించి, అక్కడికి కావలసిన బొమ్మముక్కలను వేరే సర్వర్ నుంచి తెప్పించి పక్కపక్కన పేర్చడమే దాని పని. ఆ ముక్కలనే టైల్స్ అంటాం. మామూలుగా ఒక్కో టైల్ 256 పిక్సెళ్ల చదరం. జూమ్ 0లో ప్రపంచమంతా ఒకే టైల్‌లో ఇమిడిపోతుంది. జూమ్ ఒక మెట్టు పెరిగితే టైల్స్ నాలుగింతలు. 18కి చేరేసరికి 6,800 కోట్లు దాటతాయి. వాటిని ఎవరో ఒకరు తయారుచేసి పంపాలి కదా, ఖర్చు అక్కడుంది.

2004లో మొదలై, జనమే కలిసి తయారుచేస్తున్న ప్రపంచ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. దాని డేటాను ఎవరైనా వాడుకోవచ్చు. దాని టైల్ సర్వర్ సంగతి వేరు. అది విరాళాలతో నడుస్తుంది. రద్దీ సైటును తెచ్చి దాని మీద వదిలితే చెప్పాపెట్టకుండా ఆపేయొచ్చని వాళ్ల నియమాల్లోనే ఉంది. పెద్ద సైటయితే డబ్బు కట్టి టైల్స్ తీసుకోవాలి, లేదా సొంత సర్వర్ పెట్టుకోవాలి. మూలన చిన్న అక్షరాల్లో ఉండే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు డిజైన్‌కు అడ్డమని తీసేయమంటారు కొందరు. అది లైసెన్స్ షరతు. తీయను.

అపోహ: మ్యాప్ కనబడలేదంటే జావాస్క్రిప్ట్‌లో తప్పుంది.

జావాస్క్రిప్ట్ పేజీని పనిచేయించే కోడ్, సీఎస్‌ఎస్ పేజీ రూపాన్నీ కొలతల్నీ చెప్పే కోడ్. నా అనుభవంలో పదికి ఏడెనిమిదిసార్లు తప్పు సీఎస్‌ఎస్‌లో దొరికింది. మ్యాప్ పెట్టే డివ్‌కు, అంటే పేజీలోని డబ్బాకు, ఎత్తు ఇవ్వకపోతే దాని ఎత్తు సున్నా. మ్యాప్ అందులో బుద్ధిగా కూర్చునే ఉంటుంది, మనకే కనబడదు. బ్రౌజర్ తప్పులు చూపే కన్సోల్‌లో ఎర్ర గీత ఒక్కటీ ఉండదు.

దీనికంటే చికాకు పెట్టేది ట్యాబుల వ్యవహారం. ఒకసారి రెండో ట్యాబ్‌లో మ్యాప్ పెట్టాను. నొక్కితే పైన ఎడమ మూలన రెండు టైల్స్, మిగతాదంతా బూడిదరంగు. నెట్ నెమ్మదిగా ఉందేమో అనుకుని రాత్రంతా టైల్ సర్వర్‌ను తిట్టుకున్నాను. తెల్లారి యథాలాపంగా బ్రౌజర్ కిటికీ అంచు లాగితే మ్యాప్ మొత్తం నిండిపోయింది! ట్యాబ్ దాగి ఉన్నప్పుడే మ్యాప్ మొదలైంది, కొలతలు అప్పుడే తీసుకుంది. ట్యాబ్ తెరుచుకున్నాక ఇన్వాలిడేట్‌సైజ్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే మళ్లీ కొలుచుకుంటుంది. ఒక్క లైను.

అపోహ: అక్షాంశం, రేఖాంశం ఏది ముందైనా ఒకటే.

లీఫ్‌లెట్‌కు అక్షాంశం ముందు ఇవ్వాలి. స్థలాల వివరాలు రాసే జియోజేసన్ అనే ఫార్మాట్‌లో రేఖాంశం ముందుంటుంది, 2016 నాటి ప్రమాణపత్రమూ అదే చెబుతోంది. జియోజేసన్‌ను లీఫ్‌లెట్‌కే అప్పగిస్తే అదే సర్దుకుంటుంది. మనమే అంకెలు తీసి మార్కర్‌కు, అంటే మ్యాప్ మీది పిన్నుకు, ఇచ్చేటప్పుడు తారుమారవుతాయి. పారిస్ 48.86, 2.35. తిప్పి ఇస్తే పిన్ను సోమాలియా తీరానికి ఆవల హిందూ మహాసముద్రంలో తేలుతుంది.

ఎక్సెల్‌లో ఖాళీ వదిలేసిన గడులదీ ఇదే తంతు. ఖాళీ గడి సున్నాగా మారి పిన్ను ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖలోకి పోతుంది. సముద్రంలో ఓ చోట పిన్నులు గుట్టగా పడి ఉంటే డేటాలో ఖాళీలు వెతకండి.

అపోహ: పిన్నులు ఎన్నైనా పెట్టొచ్చు.

లీఫ్‌లెట్ మామూలు మార్కర్ అంటే ఒక బొమ్మ, దాని నీడకు ఇంకో బొమ్మ. పదివేల పిన్నులంటే పేజీలో ఇరవైవేల ఎలిమెంట్లు. ఫోన్ వేడెక్కుతుంది, మ్యాప్ కదలనంటుంది. దగ్గరదగ్గరివి గుంపుగా చూపే మార్కర్‌క్లస్టర్ అనే ప్లగిన్ ఉంది. చుక్కలతో సరిపెట్టుకోగలిగితే అన్నిటినీ కాన్వాస్ అనే ఒకే బొమ్మపలక మీద గీయొచ్చు. ఇవన్నీ చెప్పేముందు నేనొకటి అడుగుతాను: సైటుకు వచ్చినవాళ్లు పదివేల పిన్నులు చూసి ఏం చేస్తారు? చాలాసార్లు అక్కడ కావలసింది వెతుకుపెట్టె.

అపోహ: ఏపీఐ కీని దాచిపెడితే భద్రం.

ఏపీఐ కీ అంటే మ్యాప్ సేవ ఇచ్చేవాళ్లు మన సైటును గుర్తుపట్టడానికి ఇచ్చే కోడ్. బ్రౌజర్‌లోకి వెళ్లిన కీ దాగదు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే ఎదురుగా ఉంటుంది. ఆ కీ మీ డొమైన్ నుంచి తప్ప పనిచేయకుండా కట్టడి పెట్టండి, వాడకానికి రోజువారీ పరిమితీ పెట్టండి.

అపోహ: మ్యాప్ పెట్టాం కదా, చిరునామా రాయనక్కర్లేదు.

తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవారికి ఆ టైల్స్ అన్నీ ఉత్త బొమ్మలు. సిగ్నల్ అందనిచోట నిలబడి దారి వెతుక్కునేవారికి బూడిదరంగు డబ్బా. అందుకే మ్యాప్ కింద చిరునామాను అక్షరాల్లో, కాపీ చేసుకునేలా రాస్తాను. మౌస్ చక్రంతో జూమ్ అవడాన్నీ ఆపేస్తాను. లేకపోతే పేజీ కిందికి జరుపుతున్నవాళ్లు మ్యాప్‌లో చిక్కుకుని, ఆ చిరునామా దాకా రానేరారు.