వార్డు గెలవడం వేరు, ఊరు నడపడం వేరు: ఇంగ్లండ్ కౌన్సిళ్లలో గ్రీన్ పార్టీ యాభై ఏళ్లు

2023 మే 4న ఇంగ్లండ్‌లో స్థానిక ఎన్నికలు జరిగాయి. ఆ ఒక్క రోజులోనే గ్రీన్ పార్టీ చాలా పెద్ద గెలుపూ చూసింది, చాలా పెద్ద ఓటమీ చూసింది. పొలాలు, చిన్న ఊళ్లు ఎక్కువగా ఉండే మిడ్ సఫోక్ జిల్లా కౌన్సిల్‌లో 34 సీట్లకు 24 గెలిచి, బ్రిటన్‌లో మొదటిసారి ఒక జిల్లా స్థాయి కౌన్సిల్‌ను సొంత మెజారిటీతో చేజిక్కించుకుంది. దక్షిణ తీరాన ఉన్న బ్రైటన్ అండ్ హోవ్‌లో మాత్రం, అప్పటిదాకా తానే నడిపిన కౌన్సిల్‌లో, 54 సీట్లకు ఏడే మిగిలాయి. ఏడాది తిరిగేసరికి బ్రిస్టల్ నగరంలో 70కి 34 వచ్చాయి. మెజారిటీకి రెండు తక్కువ.

పర్యావరణం మాట చెప్పి ఒక వార్డు గెలవడం ఎలాగో ఈ పార్టీకి బాగా పట్టుబడింది. గెలిచాక ఊరిని నడపడం మాత్రం ఒక్కో చోట మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తోంది. దాని వెనక కథ తెలిస్తే గానీ ఈ మూడు ఫలితాలు కలిపి అర్థం కావు.

ఈ పార్టీ 1973లో కవెంట్రీ నగరంలో 'పీపుల్' అనే పేరుతో పుట్టింది. 1975లో ఎకాలజీ పార్టీ అయింది, 1985లో గ్రీన్ పార్టీ అయింది. జిల్లా కౌన్సిల్‌లో తొలి సీటు 1976లో, ఈస్ట్ ససెక్స్‌లోని రోథర్‌లో దక్కింది. పార్లమెంటు మాత్రం చాలాకాలం అందలేదు. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలిచే పద్ధతిలో, దేశమంతా పలచగా పరుచుకున్న మద్దతుకు విలువ ఉండదు. 1989 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో దాదాపు 15 శాతం, అంటే సుమారు 23 లక్షల ఓట్లు పడ్డాయి. వచ్చిన సీట్లు సున్నా. ఆ దెబ్బతోనే పార్టీలో చాలామంది దేశవ్యాప్త ఊపు మీద ఆశ వదిలి వార్డుల వైపు తిరిగారు. తర్వాత 2010లో బ్రైటన్ నుంచి ఆ పార్టీ తొలి ఎంపీ అయిన కారొలైన్ లూకస్ కూడా 1993లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీ కౌన్సిలర్‌గానే మొదలుపెట్టారు.

వార్డులో లెక్క వేరు. నగర వార్డులో కొన్ని వేల ఓట్లుంటాయి, స్థానిక ఎన్నికల్లో ఓటేసేది మామూలుగా మూడో వంతు జనమే. ఒక పదిమంది కార్యకర్తలు ఏడాది పొడవునా పట్టుగా తిరిగితే అందుకోగల సంఖ్య అది. 1990లలో పార్టీ దీన్ని ఒక పద్ధతిగా రాసుకుని 'టార్గెట్ టు విన్' అని పేరు పెట్టుకుంది. అందులో వాతావరణ మార్పు గురించి ఉపన్యాసాలేమీ ఉండవు. ముందు గెలవగల వార్డు ఒక్కటే ఎంచుకోవాలి, మిగతా చోట్ల పేరుకు అభ్యర్థిని నిలబెట్టి వదిలేయాలి. ఎన్నికలకు ఏడాది ముందే అభ్యర్థి పేరు తేల్చాలి. రెండు మూడు నెలలకోసారి ఇంటింటికీ కరపత్రం వేయాలి. అందులో ఆ వార్డు సంగతులే ఉండాలి: నరికేయబోతున్న చెట్టు, వెలగని వీధి దీపం, బడి ముందు ఆగని కార్లు. ఇంటి తలుపు తట్టినప్పుడు ఎవరు మనవాళ్లు, ఎవరు ఊగిసలాటలో ఉన్నారు అన్నది వీధివారీగా రాసిపెట్టుకోవాలి. పోలింగ్ రోజు ఓటేసి వచ్చినవాళ్ల పేర్లు ఆ జాబితాలో కొట్టేసుకుంటూ, ఇంకా రాని మద్దతుదార్ల ఇళ్లకు సాయంత్రం దాకా మళ్లీ మళ్లీ వెళ్లాలి.

ఇది చెడిపోయేదీ ఎక్కువగా ఒకే కారణం వల్ల. ఒక వార్డు గెలవగానే ఉత్సాహం పట్టలేక మరుసటి ఏడు అయిదు వార్డులకు కార్యకర్తలను పంచేస్తారు, ఎక్కడా చాలరు. ముగ్గురు కౌన్సిలర్లుండే వార్డులో ఇంకో చిక్కుంది. అక్కడ ఓటరుకు మూడు ఓట్లు. గ్రీన్ అభ్యర్థి ఒక్కరే నిలబడితే మిగతా రెండు ఓట్లూ పోటీ పార్టీకే పోతాయి. ముగ్గురినీ నిలబెడితే పేరున్న అభ్యర్థికి మంచి ఓట్లు పడి, పేరు లేని ఇద్దరూ వెనకబడతారు. అందుకే నాలుగేళ్లలో మూడేళ్లు, ఏడాదికి మూడో వంతు సీట్లకే ఎన్నికలు జరిగే నారిచ్ లాంటి నగరాలు వీళ్లకు బాగా కలిసొచ్చాయి. అదే వార్డు, అదే బృందం, ఎన్నికకు ఒక సీటు. 2008కల్లా నారిచ్‌లో 39కి 13 సీట్లతో ప్రధాన ప్రతిపక్షమయ్యారు.

బ్రైటన్‌లో 1996 ఉప ఎన్నికలో ఒక సీటుతో మొదలై, 1999లో మూడు, 2003లో ఆరు, 2007లో పన్నెండు, 2011లో 23 వచ్చాయి. మెజారిటీ లేకున్నా అతి పెద్ద పార్టీగా పగ్గాలు తీసుకున్నారు. బ్రిటన్‌లో గ్రీన్ పార్టీ చేతికి వచ్చిన తొలి కౌన్సిల్ అదే. చిక్కులన్నీ అక్కడే బయటపడ్డాయి.

మొదటిది చెత్త. పారిశుద్ధ్య కార్మికుల భత్యాలు ఏళ్ల తరబడి ఒక్కొక్కరికి ఒక్కో రకంగా పెరుగుతూ వచ్చాయి. సమాన వేతన చట్టం కింద కేసులు పడే ప్రమాదం ఉందని కౌన్సిల్ వాటిని ఒక దారికి తేబోయింది. కొందరికి ఏడాదికి వేల పౌండ్లు కోతపడే పరిస్థితి వచ్చింది. 2013 జూన్‌లో సమ్మె జరిగింది, వీధుల్లో చెత్త పేరుకుపోయింది. సొంత ఎంపీ లూకసే కార్మికుల పక్షాన నిలిచారు, కౌన్సిలర్లు రెండుగా చీలారు. ఇళ్ల చెత్తలో రీసైక్లింగ్‌కు వేరు చేసే వాటా కూడా పావు వంతు దగ్గరే ఆగిపోయింది. దాన్ని పెంచడం కౌన్సిలర్ల చేతిలో పూర్తిగా లేదు. 2003లో కుదిరిన దీర్ఘకాల ఒప్పందం కింద కట్టిన రీసైక్లింగ్ కేంద్రంలో ప్లాస్టిక్ సీసాలే తీసుకునేవారు. పెరుగు డబ్బాలు, ట్రేలు తీసుకునేవారు కాదు. కొత్త పాలకపక్షం వచ్చినంత మాత్రాన ఆ ఒప్పందం మారదు.

రెండోది డబ్బు. కేంద్రం గ్రాంట్లు కోస్తూ వచ్చింది, కౌన్సిల్ చట్టప్రకారం లోటు బడ్జెట్ పెట్టకూడదు. వృద్ధుల సంరక్షణకు డబ్బు కావాలని 2014లో కౌన్సిల్ పన్ను 4.75 శాతం పెంచుదామన్నారు. కేంద్రం పెట్టిన పరిమితి దాటితే స్థానికంగా రెఫరెండం, అంటే జనం ఓటింగ్, జరపాలి. 54 మంది సభలో మెజారిటీ లేనివాళ్లు ఆ ప్రతిపాదనను సభలో గట్టెక్కించలేకపోయారు. 2015లో సీట్లు 11కు పడ్డాయి.

మూడోదే నా దృష్టిలో అన్నిటికన్నా పాఠం ఉన్నది. కాలిబాటల మీద గ్లైఫోసేట్ కొట్టడం మానాలని బ్రైటన్ కౌన్సిల్ 2019లో నిర్ణయించింది. మన పత్తి రైతులకు బాగా తెలిసిన కలుపుమందే అది. 2020 జూలైలో పగ్గాలు మళ్లీ గ్రీన్ పార్టీకి వచ్చాయి, కలుపు పని కూడా వాళ్ల నెత్తిన పడింది. మందు మానడం ఒక్క తీర్మానంతో అయిపోతుంది. మందు చేసిన పని చేతులతో చేయించాలంటే మనుషులు కావాలి, కరోనా రోజుల్లో మనుషులు దొరకలేదు. కాలిబాట పలకల సందుల్లో, అంచు రాయి పక్కన దుమ్మూ ఆకులూ చేరి మట్టవుతుంది. వసంతంలోపు దాన్ని ఊడ్చేయకపోతే కలుపు అందులోనే వేరు పడుతుంది. పైన కోసేస్తే వేరు మిగిలి, కొన్ని వారాల్లో మళ్లీ లేస్తుంది. గింజ పడేదాకా వదిలేస్తే మరుసటి ఏడు రెట్టింపు. రెండు మూడు ఏళ్లు అలా సాగితే వేళ్లు లావై పలకలను లేపుతాయి. ముసలివాళ్లు తట్టుకుని పడతారు, చక్రాల కుర్చీ కదలదు, చూపు లేనివాళ్లకు కర్ర చిక్కుకుంటుంది. బ్రైటన్‌లో సరిగ్గా ఇవే ఫిర్యాదులు వచ్చాయి. 2023లో గెలిచిన లేబర్ పాలకవర్గం 2024 ఆరంభంలో, గాలికి చెదరకుండా నూనె కలిపిన రూపంలో, అదే మందును పరిమితంగా మళ్లీ తెచ్చింది. మందు ఆపాలన్న కోరిక తప్పు కాదు. ఊడ్చే బండ్లు, గుంపు మేస్త్రీలు, ఏ వీధికి ఏ వారం అన్న పట్టీ ముందే సిద్ధం చేసుకుని, ఆ తర్వాత మందు ఆపాల్సింది.

ఇంకా కింది అంచెలో, అంటే టౌన్ కౌన్సిళ్లలో, కథ మరోలా నడిచింది. సోమర్‌సెట్‌లోని ఫ్రోమ్ చిన్న పట్టణం. దాని టౌన్ కౌన్సిల్‌లో 17 సీట్లు. 2011లో ఏ పార్టీకీ చెందని స్థానికులు కూటమిగా నిలబడి పది గెలిచారు, 2015లో పదిహేడూ గెలిచారు. జెండా ఆకుపచ్చ కాదు గానీ పనులు ఆ దారివే. వస్తువులు అద్దెకిచ్చే దుకాణానికి 2015లో, మిగిలిన తిండిని ఎవరైనా పెట్టి ఎవరైనా తీసుకునే ఫ్రిజ్‌కు 2016లో అండగా నిలిచారు. టౌన్ కౌన్సిల్‌కు చెత్తా రోడ్లూ బళ్లూ ఉండవు. పార్కులు, పెరటి తోటల స్థలాలు, శ్మశానాలు, కమ్యూనిటీ హాళ్లు ఉంటాయి. ఇళ్ల అనుమతుల మీద అభిప్రాయం చెప్పొచ్చు, నిర్ణయం పైవాళ్లది.

ఆ కొద్ది అధికారంలోనే వాడుకోదగ్గవి మూడున్నాయి. ఒకటి, సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఎన్నికై వచ్చి, కౌన్సిల్ వ్యవహారాలు చూసే క్లర్కుకు నిర్ణీత అర్హత ఉంటే, 2011 లోకలిజం చట్టం కింద చట్టం వద్దనని ఏ పనైనా చేయొచ్చు. అందుకే పోటీ లేక నామినేషన్‌తోనే సరిపెట్టినా సరే, ఖాళీ సీట్లు నియామకాలతో నింపకుండా ఎన్నికతో నిండాలి. రెండు, పైకౌన్సిల్ బిల్డర్ల మీద మౌలిక వసతుల రుసుము వసూలు చేసే చోట అందులో 15 శాతం ఊరికి వస్తుంది. ఊళ్లో ఎక్కడ ఏం కట్టాలో చెప్పే పరిసర ప్రణాళిక సొంతంగా రాసుకుని ఓటింగ్‌లో నెగ్గించుకుంటే 25 శాతం. మూడు, కౌన్సిల్ పన్నులో తన వాటా పెంచుకోవడానికి పెద్ద కౌన్సిళ్లకున్న రెఫరెండం అడ్డు టౌన్ కౌన్సిల్‌కు ఇప్పటిదాకా పెట్టలేదు.

ఈ అంచె బరువు ఇప్పుడు పెరుగుతోంది. సోమర్‌సెట్‌లో 2023 ఏప్రిల్‌లో జిల్లా కౌన్సిళ్లు రద్దయి ఒకే కౌన్సిల్ వచ్చింది, ఆ నవంబర్‌కే అది ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మరుగుదొడ్లు, పార్కుల లాంటివి టౌన్ కౌన్సిళ్ల మీద పడుతున్నాయి. కౌంటీ, జిల్లా అని రెండంచెలుగా ఉన్న మిగతా ప్రాంతాల్లోనూ ఒకే కౌన్సిల్ తేవాలని ప్రభుత్వం 2024 డిసెంబర్ శ్వేతపత్రంలో ప్రతిపాదించింది. అది పూర్తిగా అమలైతే మిడ్ సఫోక్ జిల్లా కౌన్సిలే ఉండదు.

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లు చాలామంది ఈ ఎన్నికలు తమవి కావనుకుంటారు. కామన్వెల్త్ పౌరులు కాబట్టి, చెల్లుబాటయ్యే వీసా మీద అక్కడ నివసిస్తున్న భారతీయులు, విద్యార్థులతో సహా, పేరు నమోదు చేసుకుని ఓటేయొచ్చు. పోలింగ్ కేంద్రంలో చూపే ఫొటో గుర్తింపుగా భారత పాస్‌పోర్ట్ చెల్లుతుంది. నిలబడాలంటే 18 ఏళ్లు నిండి, శాశ్వత నివాస అనుమతి ఉండాలి. డిపాజిట్ లేదు. నామినేషన్ మీద ఆ ప్రాంత ఓటర్లు ఇద్దరి సంతకాలు, ప్రతిపాదించేవారిదీ బలపరిచేవారిదీ, చాలు. ఓటరు జాబితాలో ఉన్న పేరు, నంబరు అక్షరం తేడా లేకుండా రాయాలి. కాగితాలు తిరిగొచ్చేది ఎక్కువగా ఇక్కడే. పోలింగ్‌కు 19 పనిదినాల ముందు సాయంత్రం నాలుగు లోపు రిటర్నింగ్ అధికారి చేతికి అందాలి. కాబట్టి రెండు రోజుల ముందే వెళ్లి సిబ్బందికి చూపించుకుంటే, తప్పులుంటే దిద్దుకునే వ్యవధి మిగులుతుంది.