కలువల గిన్నె

చిట్టికి, బుజ్జిగాడికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో నా కొత్త గిన్నె చూసి “తామరాకులు భలే ఉన్నాయి” అన్నారు. అవి తామరలు కావర్రా, కలువలు. తామరాకు నిండు గుండ్రంగా ఉండి, చాలావరకు నీళ్లకు పైన లేచి నిలబడుతుంది. కలువాకు నీళ్లమీదే పరుచుకుంటుంది, కాడ దాకా ఒక చీలిక ఉంటుంది. గిన్నె మీద వెదురు పుల్లతో గీశాను చూడండి, ఆ చీలికే.

గిన్నె మీద నేను దిద్దిన కొలను మన వైపుది కాదు. ఫ్రాన్సులో జివెర్నీ అనే పల్లెలోది. క్లోద్ మోనే అనే చిత్రకారుడు 1883లో అక్కడికి చేరాడు. పదేళ్ల తర్వాత, తన తోటకు రైలుపట్టాల అవతల ఉన్న నేల కొని కొలను తవ్వించాడు. పరాయి దేశపు మొక్కలతో వాగునీళ్లు పాడవుతాయని ఊరివాళ్లు అడ్డుచెప్పారు. ఆయన ఆ ఒక్క కొలనునే దాదాపు 250 సార్లు బొమ్మ వేశాడు! పారిస్‌లో ఒరాంజెరీ అనే మ్యూజియంలో కోడిగుడ్డు ఆకారపు గదుల్లో గోడల పొడుగునా ఆ కలువలే. అక్కడ మధ్యలో నిలబడితే కొలను మన చుట్టూ ఉంటుంది. పళ్లెం కాకుండా గిన్నె చేయడానికి కారణం అదే. బొమ్మ గిన్నె చుట్టూ తిరగాలి, దానికి మొదలూ చివరా ఉండకూడదు.

ముసలితనంలో మోనేకు కళ్లలో శుక్లాలు వచ్చాయి. రంగులు సరిగా ఆనక, ట్యూబుల మీద పేర్లు చదువుకుని వేసేవాడు. 1923లో ఆపరేషను చేయించుకున్నాడు. నాకూ నిరుడు అదే ఆపరేషను అయింది కదా, కట్టు విప్పగానే ఆకాశం అంత నీలంగా ఉంటుందా అని నోరు తెరిచాను. శుక్లం ముదిరితే లోకమంతా పసుపు కమ్ముతుంది, నీలం మొదట పోతుంది.

ఇక మా కుమ్మరి పనిలో కళ్లు బాగున్నవాళ్లూ గుడ్డివాళ్లే. నీలం ఇచ్చే కోబాల్ట్ ఆక్సైడు నల్లటి పొడి. ఆకుపచ్చ ఇచ్చే రాగి ఆక్సైడూ నలుపే. మీగడలా కలిపిన తెల్లమట్టిలో వేస్తే రెండూ బూడిదరంగుకు తిరుగుతాయి. (ఆ పొడులు మీరు ముట్టుకోకూడదు, ముక్కుకు మాస్కు పెట్టుకుని నేనే కలుపుతాను.) ఆ మట్టితో ఆకులు అడ్డంగా, నీళ్లలో చెట్ల నీడలు నిలువుగా దిద్ది, ఆరాక 1000 డిగ్రీల దగ్గర ఒకసారి కాల్చాను. తర్వాత గ్లేజు అనే పూత ద్రవంలో ముంచితే బొమ్మంతా తెల్లటి పూత కింద మాయమైంది! అది 1200 డిగ్రీలు దాటాక కరిగి గాజవుతుంది, అప్పుడే కింది రంగు కనబడుతుంది.

మొదటి గిన్నెకు ఒక పొరపాటు చేశాను. రెండు బూడిదరంగు డబ్బాలకూ చీటీలు అంటించలేదు. ఆకులన్నీ నీలంగా, నీళ్లు పచ్చగా వచ్చాయి. దాంట్లో ఇప్పుడు చింతపండు పెట్టుకుంటున్నాను.

రెండోది మీరు చూసింది. ఆవం చల్లారడానికి ఒకటిన్నర రోజు పట్టింది. వేడిమీద తెరిస్తే గ్లేజు బీటలిస్తుందని తెలిసినా, రాత్రి రెండుసార్లు లేచి వెళ్లి మూత మీద చెయ్యి పెట్టి చూశాను. గ్లేజు కాస్త కారి, నీడలు నేను దిద్దినదానికంటే పొడుగు సాగాయి. అడుగున ఒక పచ్చటి బొట్టు గట్టిపడి ఉంది. గరుకు రాయితో అరగదీయాలి.

ఆ పని మీకోసం ఉంచాను. సెలవులకు వచ్చేటప్పుడు పాత చొక్కాలు తెచ్చుకోండి.

మీ అమ్మమ్మ