కారు ఎత్తు తగ్గించే సస్పెన్షన్: అపోహలు – వాస్తవాలు

సస్పెన్షన్ మార్చి కారు ఎత్తు తగ్గించాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఎంత దిగుతుంది?" అని. ఈ పనిలో ఉన్నవాడిగా నేను ముందు చూసేది వేరు: దిగాక ట్రావెల్ ఎంత మిగులుతుంది? ట్రావెల్ అంటే మిట్ట తగిలినప్పుడు చక్రం పైకి, గుంత వచ్చినప్పుడు కిందికి కదలడానికి ఉన్న దూరం. పైకి వెళ్లే దారి చివర బంప్ స్టాప్ అనే రబ్బరు లేదా ఫోమ్ ముక్క ఉంటుంది. అది పూర్తిగా నలిగిపోయిందంటే ఇక దెబ్బ నేరుగా బాడీకే. కారు దించడమంటే ఆ బంప్ స్టాప్‌కి దగ్గరగా జరగడమే. దించడం గురించి వినిపించే అపోహల్లో చాలావరకు ఈ సంగతి మరచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: స్ప్రింగ్ ఒక చుట్టు కోసేస్తే చాలు, కిట్ కొనడం దండగ

కోస్తే కారు దిగుతుంది, నిజమే. స్ప్రింగ్ గట్టిపడుతుంది కూడా. పనిచేసే చుట్లు ఎనిమిది ఉంటే, ఒకటి తీసేసినప్పుడు గట్టిదనం సుమారు 14 శాతం పెరుగుతుంది. కానీ పోయిన ట్రావెల్ ముందు ఆ 14 శాతం ఏ మూలకూ రాదు.

లెక్క చూడండి. బంప్ స్టాప్‌కి ముందు 70 మి.మీ. ఖాళీ ఉన్న కారుని 35 మి.మీ. దించితే సగమే మిగులుతుంది. బాడీ మునుపటి వేగంతోనే కిందికి వస్తున్నప్పుడు దాన్ని సగం దూరంలో ఆపాలంటే, షాక్ (స్ప్రింగ్ ఊగిసలాటని అణచే షాక్ అబ్జార్బర్) సాయాన్ని పక్కన పెడితే, స్ప్రింగ్ నాలుగు రెట్లు గట్టిగా ఉండాలి. అంత గట్టి స్ప్రింగ్‌తో మామూలు రోడ్డు మీద తిరగలేం. అందుకే శ్రద్ధగా చేసిన కిట్‌లో స్ప్రింగ్‌ని కొంత గట్టి చేస్తారు, షాక్‌ని పొట్టిగా చేస్తారు, బంప్ స్టాప్‌ని కూడా పొట్టిగా, నలిగేకొద్దీ మెల్లగా గట్టిపడేలా మారుస్తారు. ఈ మూడూ ఒకదానికొకటి సరిపోయేలా చేసినందుకే కిట్‌కి ఆ ధర.

కోతలో ఇంకో ప్రమాదం ఉంది. చాలా స్ప్రింగుల చివరి చుట్టు సీటులో, అంటే స్ప్రింగ్ కొస ఆనే గిన్నెలో, కుదురుగా కూర్చునే ఆకారంలో ఉంటుంది. దాన్ని కోసేస్తే ఆ కుదురు పోతుంది. పెద్ద గుంతలో చక్రం వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగ్ వదులై పక్కకి జరగొచ్చు. గ్యాస్ మంటతో వేడి చేసి కుంగదీయడం ఇంకా ఘోరం. ఉక్కుకి పట్టిన టెంపర్, అంటే తయారీలో వేడితో పట్టించిన బలం, పోతుంది, ఆ స్ప్రింగ్ ఎప్పుడు కూలబడుతుందో, ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ రెండు పనులూ ఎవరు అడిగినా నేను చేయను.

అపోహ: షాక్స్ బాగానే ఉన్నాయి, స్ప్రింగులు మారిస్తే సరి

20, 25 మి.మీ. దించే స్ప్రింగులు, కొత్త స్థితిలో ఉన్న స్టాక్ (కారుతో వచ్చిన) షాక్స్ అయితే ఈ మాట కొంతవరకు చెల్లుతుంది. అంతకు మించితే చెల్లదు. స్ప్రింగ్ నొక్కుకున్నాక తిరిగి ఎగదన్నకుండా పట్టి ఉంచేది షాక్. స్ప్రింగ్ 40 శాతం గట్టిపడితే, ఊగిసలాట మునుపటిలాగే అదుపులో ఉండటానికి షాక్ నిరోధం సుమారు 18 శాతం పెరగాలి. వాడి అరిగిన స్టాక్ షాక్‌కి పాత స్ప్రింగే భారం, ఇంక కొత్తదాన్ని ఎలా పట్టగలదు? మిట్ట దాటాక కారు రెండు మూడుసార్లు ఊగుతుంటే కారణం అదే.

పొడవు సంగతి కూడా ఉంది. షాక్ లోపల పిస్టన్ మధ్యలో ఎక్కడో ఉండి రెండు వైపులా కదిలేలా దాన్ని తయారుచేస్తారు. కారుని 40 మి.మీ. దించితే పిస్టన్ అంతా కింది వైపుకి చేరుతుంది. అందుకే షాక్స్ చేసే పేరున్న కంపెనీలు దించిన కార్ల కోసం పొట్టి రకాన్ని వేరుగా చేస్తాయి. ఉదాహరణకి బిల్‌స్టీన్‌లో స్టాక్ ఎత్తుకి బీ6, లోయరింగ్ స్ప్రింగులకి పొట్టిగా చేసిన బీ8. కొనేటప్పుడు "ఈ షాక్ ఏ ఎత్తు కోసం?" అని తప్పక అడగండి.

అపోహ: ఎంత గట్టిగా ఉంటే అంత గ్రిప్

టైరు రోడ్డుకి ఆనుకుని ఉన్నంతసేపే గ్రిప్. అదుపు తప్పిన మెత్తదనంతో టైరు పట్టు ఎలా పోతుందో, అతి గట్టిదనంతోనూ అలాగే పోతుంది. మిట్ట మీద చక్రం గాల్లోకి లేస్తుంది. మామూలు కార్ల బాడీ స్ప్రింగుల మీద సెకనుకి 1 నుంచి 1.5 సార్లు ఊగేలా ఉంటుంది. డౌన్‌ఫోర్స్ (కారుని కిందికి నొక్కే గాలి బలం) బాగా ఉన్న రేస్ కార్లలో అది 3 హెర్ట్జ్, అంటే సెకనుకి 3 సార్లు, దాటుతుంది. ఆ కార్లు తిరిగేది నున్నటి ట్రాక్ మీద, పైగా గాలి ఒత్తిడికి కారు అడుగుభాగం ఎత్తు మారకుండా చూసుకోవాలి కాబట్టి వాళ్లకి ఆ గట్టిదనం అవసరం. అతుకుల రోడ్డు మీద వెళ్లే కారుకి అది పెట్టడం వల్ల నడుము నొప్పి తప్ప లాభం లేదు.

స్ప్రింగ్ మీది అంకెని చూసి రెండు వేర్వేరు కార్లని పోల్చడం కూడా ఈ అపోహలో భాగమే. "వాడి కారులో 8 కేజీ స్ప్రింగ్, నాకూ అదే కావాలి" అంటుంటారు. 8 కేజీ అంటే ఒక మిల్లీమీటరు నొక్కడానికి 8 కేజీల బరువు కావాలని. కానీ స్ప్రింగ్ చక్రానికి ఎంత దగ్గరగా బిగించి ఉందన్నదాన్ని బట్టి చక్రం దగ్గర తెలిసే గట్టిదనం మారిపోతుంది. చక్రం 10 మి.మీ. కదిలితే స్ప్రింగ్ 7 మి.మీ. మాత్రమే నొక్కుకునే అమరికలో, ఆ 8 కేజీ స్ప్రింగ్ చక్రం దగ్గర 4 కేజీల కన్నా కాస్త తక్కువే. మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ ఒకే నిలువు కాలుగా చక్రం పక్కనే ఉండే అమరిక) ఉన్న కారులో అదే స్ప్రింగ్ 7 కేజీల పైన పనిచేస్తుంది. అంకె ఒకటే, కార్లు రెండూ పూర్తిగా వేరు.

షాక్ మీద తిప్పే నాబ్ విషయమూ ఇదే. 32 క్లిక్కులు ఉన్నాయి కదా అని చివరిదాకా బిగించకండి. ఒకే నాబ్ ఉన్న షాక్స్‌లో చాలావాటిలో ఎక్కువగా మారేది రీబౌండ్, అంటే స్ప్రింగ్ తిరిగి సాగేటప్పటి నిరోధం. అది మరీ ఎక్కువైతే వరుస గతుకుల మీద స్ప్రింగ్‌కి తిరిగి సాగే సమయం దొరకదు, కారు మెట్టుమెట్టుగా కిందికి దిగుతూ బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. డ్రైవరుకి మాత్రం "స్ప్రింగ్ గట్టిగా ఉంది" అనిపిస్తుంది. తయారీదారు సూచించిన సెట్టింగుతో మొదలుపెట్టి, తెలిసిన రోడ్డు మీద ఒకటి రెండు క్లిక్కుల చొప్పున మార్చి చూడండి.

అపోహ: కారు ఎంత కిందికి ఉంటే మలుపుల్లో అంత స్థిరం

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే అపోహ ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. గురుత్వ కేంద్రం 550 మి.మీ. ఎత్తులో ఉన్న కారుని 30 మి.మీ. దించితే, మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి వెళ్లే బరువు సుమారు 5 శాతం తగ్గుతుంది. మంచిదే.

మిగతా సగం కారు కింద దాగి ఉంటుంది. ముందు చక్రాలకి మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్లే ఎక్కువ. వాటిలో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు కారుకి కలిపే చేయి) బయటి కొస, అంటే చక్రం వైపు కీలైన బాల్ జాయింట్ ఉన్న వైపు, సాధారణంగా లోపలి బుష్ (కారు వైపు రబ్బరు కీలు) కన్నా కాస్త కిందికి ఉంటుంది. కారు దించేకొద్దీ ఆ ఆర్మ్ అడ్డంగా, ఆ తర్వాత బయటి కొస పైకి వచ్చేలా తిరుగుతుంది. అప్పుడు రోల్ సెంటర్, అంటే బాడీ పక్కకి ఒరిగేటప్పుడు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, గురుత్వ కేంద్రం కన్నా వేగంగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగితే బాడీని ఒరగదోసే బలం పెరుగుతుంది. అలా కొన్ని కార్లు దించాక మునుపటికన్నా ఎక్కువ ఒరగాలని చూస్తాయి, గట్టి స్ప్రింగ్ ఆ లోపాన్ని కప్పిపుచ్చుతుంది. పైగా మలుపులో బయటి టైరుకి అందాల్సిన నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) అందడం మానేస్తుంది. టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) కోణం, లోయర్ ఆర్మ్ కోణం పొంతన తప్పితే గతుకు మీద స్టీరింగ్ దానంతటదే ఇటూ అటూ లాగుతుంది కూడా.

కారు నేల మీద నిలబడి ఉండగా కిందికి వంగి లోయర్ ఆర్మ్ చూడండి. దాని బయటి కొస లోపలి కొస కన్నా పైకి ఉంటే, రోడ్డు మీద వాడే కారుకి హద్దు దాటినట్టే. కొన్ని మోడళ్లకి పొడవాటి బాల్ జాయింట్లతో రోల్ సెంటర్ సరిచేసే కిట్లు దొరుకుతాయి, అవి నిజంగా పనిచేస్తాయి. దొరకని కారుకి ఎత్తు కాస్త పెంచుకోవడమే సరైన మార్గం.

అపోహ: కాయిలోవర్ రింగు బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుంది

గట్టిపడదు. కాయిలోవర్ అంటే షాక్ చుట్టూ స్ప్రింగ్ ఉండి, ఎత్తు మార్చుకోవడానికి వీలున్న సెట్టు; స్ప్రింగ్ ఆనేది మరల మీద తిరిగే రింగు మీద. ఒక మూల స్ప్రింగ్ మీద 360 కేజీల బరువు పడుతోందనుకుందాం, స్ప్రింగ్ 6 కేజీలది. అది 60 మి.మీ. నొక్కుకుని నిలబడుతుంది. రింగు తిప్పి ముందే 10 మి.మీ. నొక్కి పెట్టినా, బరువు పడ్డాక మొత్తం నొక్కుడు 60 మి.మీ.లే. తేడా అల్లా, షాక్ మునుపటికన్నా 10 మి.మీ. సాగి ఉంటుంది, కారు అంతమేర పైకి లేస్తుంది. ఆ తర్వాతి ప్రతి మిల్లీమీటరుకీ కావలసింది 6 కేజీలే.

రింగుతో దించినప్పుడు ఇదే తలకిందులవుతుంది, బంప్ ట్రావెల్ (చక్రం పైకి కదిలే దూరం) తగ్గుతుంది. కింది బ్రాకెట్ వేరుగా తిరిగే రకం కాయిలోవర్‌లో ఎత్తుని అక్కడ మార్చుకోవచ్చు, షాక్ లోపల పిస్టన్ స్థానం కదలదు. నా దృష్టిలో కాయిలోవర్ కొనేవాళ్లు డబ్బు పెట్టాల్సింది ఈ సదుపాయానికే, క్లిక్కుల సంఖ్యకి కాదు. అయితే షాక్‌లో ట్రావెల్ మిగిలింది కదా అని టైరుకి, ఫెండర్‌కి మధ్య ఖాళీ పెరగదు. టైరు ఫెండర్‌ని తాకకముందే బంప్ స్టాప్ ఆపుతోందో లేదో స్ప్రింగ్ తీసి, చక్రాన్ని జాకీతో పైకి లేపి చూసుకోవాలి.

అపోహ: మోనోట్యూబ్ ఎప్పుడూ మేలు

ఒకే గొట్టం ఉన్న షాక్ మోనోట్యూబ్, లోపల ఇంకో గొట్టం ఉన్నది ట్విన్‌ట్యూబ్. మోనోట్యూబ్ వేడిని త్వరగా వదులుతుంది, ఎక్కువసేపు గట్టిగా నడిపినా పట్టు సడలదు. కానీ దాని పిస్టన్ బయటి గొట్టం గోడకే ఆనుకుని కదులుతుంది కాబట్టి రాయి తగిలి సొట్ట పడితే ఆ షాక్ పనికిరాదు. ట్విన్‌ట్యూబ్ చిన్న సొట్టని తట్టుకుంటుంది. రోజువారీ కారుకి మంచి ట్విన్‌ట్యూబ్ ఏమాత్రం తక్కువ కాదు.

అపోహ: టైరు లోపలి అంచు అరిగితే తప్పంతా క్యాంబర్‌దే

దించితే నెగెటివ్ క్యాంబర్ కొంత పెరుగుతుంది, నిజమే. అయినా టైరుని వేగంగా తినేసేది చాలాసార్లు టో. చక్రాలు సూటిగా కాకుండా బయటికో లోపలికో చూస్తుంటే టైరు ప్రతి అడుగూ ఈడ్చుకుంటూ పోతుంది. ఎత్తు మారితే టో మారుతుంది. కాబట్టి అలైన్‌మెంట్ తప్పనిసరి.

అపోహ: కిట్ బిగిస్తే పని అయిపోయినట్టే

ఎక్కువ కార్లలో తప్పు జరిగేది ఇక్కడే. లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు జారవు, మెలి తిరుగుతాయి. కారు లిఫ్ట్ మీద, చక్రాలు వేలాడుతుండగా బోల్టులు పూర్తిగా బిగిస్తే, కారు దింపగానే ఆ రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోతుంది. కొద్ది కాలానికే చీలుతుంది, ఈలోగా కారు అనుకున్న ఎత్తుకి దిగదు, రైడ్ బిరుసుగా ఉంటుంది. కొత్త కిట్‌ని తిట్టుకునేవాళ్లలో కొందరి అసలు సమస్య ఇది. ఆ బోల్టుల చివరి టార్క్ (పూర్తి బిగింపు) సస్పెన్షన్ మీద కారు బరువు పడ్డాకే పెట్టాలి. మెకానిక్‌ని ఈ ఒక్క మాట ముందే అడగండి.

వెనక ఇరుసుకి రాడ్‌తో కలిపిన బ్రేక్ ప్రెషర్ వాల్వ్ ఉన్న పాత కార్లలో, ఎత్తు తగ్గితే ఆ వాల్వ్ కారులో బరువుందని అనుకుని వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. వెనక చక్రాలు ముందే లాక్ అవుతాయి, ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. దాన్ని సరిచేయకుండా కారు బయటికి పంపకూడదు. హెడ్‌లైట్ల కోణం మళ్లీ సెట్ చేయాలి, కెమెరా, రాడార్ ఉన్న కార్లకి కాలిబ్రేషన్ అవసరమేమో చూడాలి. స్టెబిలైజర్ (బాడీ ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) లింకులు పొట్టివి కావాలా అన్నదీ అప్పుడే తేలుతుంది.

పని మొదలుపెట్టకముందే నాలుగు మూలలా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. టైరు గాలితో మారే కొలత కాదు కాబట్టి నేల నుంచి కొలవడం కన్నా ఇది నమ్మదగింది. డబ్బా మీద 40 మి.మీ. అని ఉన్నా, కంపెనీలోనే కాస్త దించి అమ్మే స్పోర్ట్ మోడల్ అయితే అంత దిగదు, ఆ అంకె మామూలు మోడల్ ఎత్తు నుంచి లెక్క. కొత్త స్ప్రింగులు మొదట్లో కొన్ని మిల్లీమీటర్లు సర్దుకుంటాయి. బిగించిన రోజు ఒకసారి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి కొలిచి, రెండోసారి కూడా అలైన్‌మెంట్ చేయించండి. కుడి ఎడమల మధ్య 10 మి.మీ. తేడా కనిపిస్తే స్ప్రింగ్‌ని అనుమానించే ముందు, అది సీటులో సరిగ్గా కూర్చుందా, బుష్ బోల్టులు ఏ స్థితిలో బిగించారు అన్నది చూడండి.