పెంటికలు, పళ్ళు చెప్పే సంగతులు: లామా, అల్పాకా మందల చరిత్రపై అపోహలు – వాస్తవాలు

తవ్వకాల్లో దొరికే జంతువుల ఎముకలను గుర్తుపట్టి, కొలిచి, వాటి వెనక ఎలాంటి మంద ఉండేదో తేల్చడం నా వృత్తి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఈ పని చేసేవాళ్ళ చేతికి ఎక్కువగా వచ్చేవి ఒంటె కుటుంబపు ఎముకలే. అక్కడ ఆ కుటుంబంలో నాలుగు జంతువులున్నాయి. గ్వానాకో, వికున్యా అడవివి. లామా, అల్పాకా పెంపుడువి. వీటి గురించి మనవాళ్ళు అడిగే ప్రశ్నలు చాలావరకు మాచుపిచ్చు ఫొటోలు చూశాక పుట్టినవే. ఫొటోలో లామా ముచ్చటగానే ఉంటుంది. పాత మందల సంగతి మాత్రం అంత ముచ్చటైన చోట దొరకదు. దొడ్డి మట్టిలో, పెంటికల్లో, పుట్టగానే చచ్చిన పిల్లల ఎముకల్లో వెతుక్కోవాలి.

అపోహ: లామాలను మచ్చిక చేసింది ఇంకాలు.

ఇది త్వరగా తేలిపోయే మాట. ఇంకా సామ్రాజ్యం విస్తరించింది పదిహేనో శతాబ్దంలో. 1530లలో స్పెయిన్ సేనల చేతిలో కూలిపోయింది. పెరూలోని హునీన్ గడ్డిమైదానాల్లో మందలు కాసిన ఆనవాళ్ళు అంతకు ఐదు వేల ఏళ్ళ ముందువి. చిలీ ఉత్తరాన అటకామా ఎడారి అంచున ఉన్న టులాన్ లోయలోనూ చాలా పాత ఆధారాలున్నాయి. కాబట్టి మచ్చిక ఒకే చోట జరిగిందని కూడా అనుకోనక్కరలేదు. ఇంకాలు చేసిందల్లా మందలను పరిపాలనలోకి తేవడం. రాజ్యానికి కొన్ని మందలు, సూర్యుడి గుడికి కొన్ని మందలు కేటాయించి, వాటి లెక్కలు ఖీపూ అనే తాళ్ళలో ముడులు వేసి దాచారు.

అపోహ: ఎముక చేతిలో పెడితే నిపుణులు అది ఏ జంతువుదో ఇట్టే చెప్పేస్తారు.

చెప్పలేం. నాలుగింటి ఎముకలూ ఆకారంలో దాదాపు ఒకటే. తేడా ఉన్నదంతా పరిమాణంలో. అన్నిటికన్నా చిన్నది వికున్యా, తర్వాత అల్పాకా, ఆపైన గ్వానాకో, లామా. మేము తరచుగా కొలిచేది కాలి వేళ్ళలో మొదటి ఎముకను. గట్టిది కాబట్టి వేల ఏళ్ళు మట్టిలో ఉన్నా మిగులుతుంది. కొలతలను గ్రాఫు మీద పెడితే చిన్నవి ఒక గుంపుగా, పెద్దవి ఒక గుంపుగా విడిపోతాయి. అయితే చిన్న గుంపులో అడవి వికున్యా, పెంపుడు అల్పాకా కలిసే ఉంటాయి. పెద్ద గుంపులో గ్వానాకో, లామా కలిసే ఉంటాయి. ఆ ఊరివాళ్ళు వేటగాళ్ళా, కాపరులా అన్న అసలు ప్రశ్న ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

పళ్ళు కొంత నయం. కింది దవడ ముందరి పన్నును వెలుతురులో తిప్పి చూడాలి. వికున్యా పన్ను సన్నగా, పొడుగ్గా, అంచులు రెండూ సమాంతరంగా ఉంటుంది. పింగాణి పొర పెదవి వైపే ఉంటుంది, నాలుక వైపు ఉండదు. ఆ పన్ను జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. గ్వానాకో, లామాల పన్ను గరిటెలా కొస వెడల్పుగా, వేరుతో సహా ఉంటుంది. పింగాణి రెండు వైపులా ఉంటుంది. అల్పాకా పన్ను ఈ రెండింటికీ మధ్యరకం. పింగాణి వికున్యాకు లాగే ఒక వైపు, కానీ వయసు వచ్చేసరికి వేరు ఏర్పడుతుంది. అల్పాకా వికున్యా నుంచి వచ్చిందని జంతు ఎముకల పరిశోధకురాలు జేన్ వీలర్ వాదించడానికి ఈ పళ్ళు ఒక ఆధారం. 2001లో జన్యు పరిశోధన కూడా అదే తేల్చింది. దాంతో అల్పాకా శాస్త్రీయ నామమే మారి, లామా ప్రజాతిలోంచి వికున్యా ప్రజాతిలోకి వెళ్ళింది.

అపోహ: ఈ జంతువుల పిల్లల ఎముకలు కుప్పలుగా దొరికితే బలి ఇచ్చారనో, లేత మాంసం కోసం కోశారనో అర్థం.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. హునీన్ ప్రాంతంలోనే, 4,420 మీటర్ల ఎత్తున తెలార్మచాయ్ అనే రాతిగుహ ఉంది. దాన్ని దనియెల్ లవల్లే బృందం తవ్వింది. ఎముకలను వీలర్ పరిశీలించారు. కింది పొరల్లో వేటాడిన జింకలు, అడవి ఒంటె జాతులు కలగలిసి ఉన్నాయి. పైకి వచ్చేకొద్దీ జింకలు తగ్గిపోయాయి. సుమారు 6,000 ఏళ్ళ నాటి పొరలకు వచ్చేసరికి ఒంటె కుటుంబపు ఎముకల్లో అప్పుడే పుట్టిన పిల్లలవే సగానికి మించాయి. అల్పాకా తరహా పళ్ళు కూడా ఆ దశలోనే కనిపించాయి.

కాపరి బుర్రతో ఆలోచించండి. అల్పాకా చూలు పదకొండు నెలలకు పైగా ఉంటుంది. ఈతకు ఒక్కటే పిల్ల. ఉన్ని ఇచ్చేదాకా, మళ్ళీ ఈనేదాకా పెరగాల్సిన దాన్ని పుట్టిన వారానికే కోసుకుతినే కాపరి ఎవరు? జవాబు ఇప్పటి దొడ్లలో దొరికింది. పిల్లలు పుట్టేది అక్కడి వానాకాలంలో, డిసెంబరు నుంచి మార్చి దాకా. వాన, బురద, పెంట కలిసి రొచ్చయిన దొడ్డిలో మందను రాత్రుళ్ళు కిక్కిరిసి తోలితే క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా పిల్లల పేగుల్లో విషం పుట్టిస్తుంది. ఏడు బాగా లేకపోతే పుట్టినవాటిలో సగం దాకా పోతాయి. కొండల మీద స్వేచ్ఛగా తిరిగే వికున్యాలకు ఈ రొచ్చు బెడద లేదు. తెలార్మచాయ్‌లో పిల్లల చావులు పెరిగాయంటే అక్కడ దొడ్డి వెలసిందన్నమాట.

అయితే ఈనిక కాలంలో వచ్చి విడిది చేసే వేటగాళ్ళు కూడా ఇలాంటి ఎముకలు వదిలి వెళ్ళగలరు. పిల్లల సంఖ్య ఒక్కటే చూపించి పెంపకం అని రాసేస్తే నేను ఒప్పుకోను. పళ్ళు, కొలతలు, దొడ్డి మట్టి, అన్నీ ఒకే మాట చెప్పాలి.

పెంటతో చరిత్ర చదవడం మనకు కొత్తేమీ కాదు. పాలమూరు వైపు ఉన్న ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు) బూడిద దిబ్బను 1957లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ తవ్వితే అది కొత్తరాతియుగపు పశువుల దొడ్డి అని తేలింది. పేరుకుపోయిన పేడ తగలబడి దిబ్బ అయింది. పశువుల గిట్టల ముద్రలూ బయటపడ్డాయి. ఆండీస్‌లో ఇదే పనికి ఒక చెరువు ఉపయోగపడింది. కుస్కో ప్రాంతంలో ఒయాంతాయ్‌తాంబో దగ్గరి మార్కకోచా ఒకప్పటి చిన్న చెరువు, ఇప్పుడు పూడిపోయింది. దాని ఒడ్డు పచ్చికలో మేసిన మందల పెంటికలు మట్టిలో కలిస్తే, ఆ కుళ్ళును తిని బతికే ఒరిబాటిడ్ అనే అతిచిన్న పురుగులు పెరిగేవి. అలెక్స్ చెప్‌స్టో-లస్టీ బృందం చెరువు అడుగు మట్టిని పొరపొరగా తీసి ఆ పురుగులను లెక్కపెట్టింది. ఇంకాల కాలంలో సంఖ్య బాగా పెరిగింది. స్పెయిన్ ఆక్రమణ తర్వాత పడిపోయింది. యూరప్ పశువులు వచ్చాక మళ్ళీ లేచింది. ఏ రాజు చరిత్రకారుడూ ఇంత నిష్పాక్షికంగా రాయడు.

అపోహ: ఇవి ఎత్తైన కొండల్లో తప్ప బతకవు.

ఇప్పుడు మందలు మిగిలింది ఎత్తున కాబట్టి అలా అనిపిస్తుంది. పెరూ ఉత్తర తీరంలోని వీరూ లోయలో దొరికిన ఎముకల కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులను (తిన్న మేతను బట్టి పాళ్ళు మారే అణువుల రకాలను) చూస్తే ఆ జంతువుల మేత కొండ మందల మేతలా లేదు. ఒక్కో జంతువు ఒక్కో రకంగా మేసింది కూడా. పెద్ద మంద ఒక్కచోట మేయడం కాదు, ఎవరి ఇంటి దగ్గర వాళ్ళు కొన్ని సాకుకున్నట్టు అనిపిస్తుంది. సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఇంకాలకన్నా ముందటి వారీ నాగరికత నాటి కొంచోపాతాలో కొన్ని జంతువులు మొక్కజొన్న తిని పెరిగాయి. పొలం కోశాక మిగిలిన చొప్ప కూడా అందులో ఉండి ఉంటుందని నా ఊహ.

తీరపు రాజ్యాల చేతిలో ఎంత మంద ఉండేదో వాంచకీటో చూపిస్తుంది. బలి అన్నది నిజంగా జరిగిన చోటు అది. ఆ తీరాన్ని ఏలిన చిమూ రాజ్యపు రాజధాని చాన్ చాన్‌కు దగ్గరలో, సుమారు 1450లో, 130 మందికి పైగా పిల్లలతో పాటు 200కు పైగా లేత లామాలను బలి ఇచ్చి సముద్రపు ఒడ్డున పూడ్చారు. భారీ వాన తెచ్చిన బురద మీద పిల్లల పాదముద్రలు, లామాల అడుగులు అలాగే నిలిచిపోయాయి.

అపోహ: ఎక్కడానికి, పితకడానికి పనికిరాని జంతువుతో నాగరికత ఏం నడుస్తుంది?

ఆండీస్‌లో పాలు పితికే అలవాటు లేని మాట నిజమే. లామా మనిషిని మోయదు. కానీ విత్తు కొట్టిన మగ లామా పాతిక, ముప్ఫై కిలోలతో రోజుకు పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడుస్తుంది, దారిలో దొరికిన గడ్డే మేస్తుంది. చిలీ ఉత్తరాన తిలివీచే కొండవాలు మీద పెద్ద పెద్ద బొమ్మలుగా తీర్చిన లామా బిడారులున్నాయి. బరువు కట్టే తాళ్ళకు వాడిన కొయ్య కొక్కేలు సమాధుల్లో దొరుకుతాయి. దారిలో మజిలీలు మాత్రం కంటికి ఆనవు. అర్జెంటీనా పరిశోధకుడు ఆక్సెల్ నీల్సన్ 1990లలో బొలీవియా దక్షిణాన బిడారుతో కలిసి నడిచి, రాత్రి మజిలీలో ఏం మిగులుతుందో రాసుకున్నారు. గాలికి అడ్డంగా పేర్చిన నాలుగు రాళ్ళు, పొయ్యి బూడిద, పెంటికలు. అంతకు మించి వెతికేవాళ్ళు ఖాళీ చేతులతో తిరిగివస్తారు.

అపోహ: ఇప్పటి మందలు అప్పటివాటి నకళ్ళే.

దక్షిణ పెరూలోని ఎల్ యరాల్‌లో, చిరిబాయా ప్రజల ఇళ్ళ నేల కింద, సుమారు వెయ్యేళ్ళ కిందట పూడ్చిన లామాలు, అల్పాకాలు ఎడారి పొడికి చర్మం, ఉన్నితో సహా నిలిచాయి. వాటి ఉన్ని సన్నగా, పోగు మందంలో హెచ్చుతగ్గులు లేకుండా ఉంది. కొన్ని లామాల ఉన్ని కూడా అంతే మెత్తన. నేటి లామాల ముతక బొచ్చు చూసినవాళ్ళు నమ్మరు. ఆక్రమణ తర్వాత కాపరులు, మందలు ఒకేసారి నాశనమయ్యాయి. గొర్రెలు కింది పచ్చికలను ఆక్రమించాయి. మేలుజాతిని ఎంచి దాటించే పద్ధతి తెలిసినవాళ్ళు లేక రెండు జాతులూ కలిసిపోయాయి. నేటి అల్పాకాల్లో అత్యధిక భాగం జన్యువుల్లో లామా అంశ ఉంది.

అందుకే పాత ఎముకతో పోల్చడానికి కొత్త అస్థిపంజరం తెచ్చినప్పుడు అది ఏ మందదో, ఎంత ఎత్తున మేసిందో, ఉన్ని ఎలాంటిదో ముందే రాసి ఉంచమని విద్యార్థులకు చెబుతాను. ఆ వివరాలు లేని అస్థిపంజరం మీద ‘అల్పాకా’ అని చీటీ అంటించి ఉన్నా, నేను దాన్ని కొలతలకు వాడను.