ఓడల నిరీక్షణకు మూలం ఒడ్డునే ఉంది

రద్దీ రేవులో కొన్ని ఓడలు సరుకు దించుతుంటే, మరికొన్ని బయట లంగరు వేసుకుని బెర్త్ (ఓడ ఆగి సరుకు దించే చోటు) కోసం రోజుల తరబడి ఎదురుచూస్తుంటాయి. గాలివానో, కాలువ ఇరుకో కారణమని అనుకుంటాం. ఒక్కోసారి అదీ నిజమే. చరిత్ర తిరగేస్తే మాత్రం అసలు కారణం చాలాసార్లు ఒడ్డున రాసుకున్న నిబంధనల్లో, ఒప్పందాల్లో దొరుకుతుంది.

సుంకం ఎగవేతను అరికట్టడానికి ఎలిజబెత్ రాణి కాలంలో లండన్‌లో ఒక నియమం పెట్టారు. సుంకం పడే విదేశీ సరుకును లండన్ వంతెనకూ టవర్ కోటకూ మధ్యనున్న కొద్దిపాటి గట్ల మీదే దించాలి. తర్వాత రెండు శతాబ్దాల్లో వర్తకం ఎన్నో రెట్లు పెరిగినా ఆ గట్లు పెరగలేదు. 1790ల నాటికి థేమ్స్ నదిలో ఓడలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడేవి. చక్కెర, రమ్ము పడవల్లోకి మార్చి ఒడ్డుకు చేర్చేలోగా దొంగలు తమ వాటా తీసుకునేవారు. ఆ చక్కెర బానిసల చెమటతో పండినదని గుర్తుంచుకుంటే, ఇందులో ఎవరు ఎవరిని దోచారన్నది వేరే ప్రశ్న. వర్తకుల ఒత్తిడితో 1798లో నదీ పోలీసు దళం, 1802లో ఎత్తైన గోడలతో వెస్టిండియా డాక్‌లు, అంటే ఓడలు లోపలికొచ్చి సరుకు దించే నీటి ఆవరణలు, వచ్చాయి.

డాక్‌లు వచ్చినా వరుసలు పోలేదు. సరుకు మోయడానికి ఓడను కిరాయికి తీసుకునే ఒప్పందాలే అందుకు ఒక కారణం. సరుకు ఎక్కించడానికీ దించడానికీ ఒప్పందంలో గడువు ఉంటుంది. అది దాటితే కిరాయిదారు రోజుకింత చొప్పున ఓడ యజమానికి డెమరేజ్, అంటే ఆలస్యానికి పరిహారం, కట్టాలి. గడువు లెక్క మొదలు కావాలంటే ఓడ రేవు చేరి, సిద్ధంగా ఉన్నట్టు నోటీసు ఇవ్వాలి. పైగా చాలా రేవుల్లో ముందొచ్చిన ఓడకే ముందు బెర్త్. అందుకే లోపల ఖాళీ లేదని తెలిసినా కెప్టెన్ వేగం తగ్గించడు. పది శాతం తగ్గిస్తే ప్రయాణం మొత్తం మీద దాదాపు ఐదో వంతు ఇంధనం మిగులుతుంది. అయినా పరుగున వచ్చి పడిగాపులు పడటమే లాభసాటి!

ఈ లెక్క ఎంత వికటించగలదో 1975లో నైజీరియాలో తేలింది. ప్రభుత్వ శాఖలు దాదాపు 2 కోట్ల టన్నుల సిమెంటుకు ఆర్డర్లిచ్చాయి. లాగోస్ రేవు ఏడాదికి దించగలిగింది అందులో చిన్న భాగమే. వందల ఓడలు బయట నిలిచిపోయాయి. కొన్నింటిలో సిమెంటు గడ్డకట్టింది. డెమరేజ్ కోసమే పాత ఓడలను పంపారన్న ఆరోపణలూ వచ్చాయి.

నిరీక్షణ ప్రమాదకరం కూడా. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ బొగ్గు రేవు బయట 2007 జూన్‌లో 50కి పైగా ఓడలు ఉన్నప్పుడు తుపాను విరుచుకుపడింది. పాషా బల్కర్ అనే ఖాళీ ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయింది. 22 మంది సిబ్బందిని హెలికాప్టర్‌లో కాపాడారు. తర్వాత అక్కడ, ఓడ ఇంకా దూరంలో ఉండగానే వంతు కేటాయించే పద్ధతి తెచ్చారు.

కంటైనర్లు ఈ బెడదను తీర్చినట్టే కనిపించాయి. 1956లో ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్లతో బయలుదేరింది. ఇప్పుడు పెద్ద ఓడలు 20 అడుగుల పెట్టెల లెక్కన 24,000 దాకా మోస్తున్నాయి. వేల పెట్టెలు ఒక్కసారిగా దిగితే యార్డు, లారీలు, రైళ్లు తట్టుకోవాలి. 2021లో లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవుల దగ్గర వందకు పైగా ఓడలు ఆగిపోవడానికి ముఖ్య కారణం ఆ ఇరుకే. ఆ నవంబరులో, ముందటి రేవు నుంచి బయలుదేరిన సమయాన్ని బట్టి వంతు ఇచ్చేలా నియమం మార్చాక ఓడలు దూరంగానే, నెమ్మదిగా రాసాగాయి.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ కూడా బెర్త్ ఖాళీ అయ్యే సమయానికి మాత్రమే ఓడ చేరే పద్ధతిని ప్రోత్సహిస్తోంది. కంటైనర్ లైన్లకు ముందే బెర్త్ వేళలు ఉంటాయి కాబట్టి వాటికిది సులువు. ధాన్యం, బొగ్గు, చమురు ఓడల విషయంలో మాత్రం యజమాని, కిరాయిదారు, సరుకు కొన్నవారు, టెర్మినల్ అందరూ ఒప్పుకోవాలి. మిగిలిన ఇంధనం డబ్బు ఎవరికి, పోయిన డెమరేజ్ ఎవరి నష్టం అన్న దగ్గరే బేరం ఆగుతోంది.