ముట్టని కోడ్ ఎందుకు ఆగింది? హాస్కెల్ కంపైలర్ వెనక కథ

హన్మకొండ నయీంనగర్‌లో ఒక జిరాక్స్ షాపు మీది గదిలో ఆదివారం పూట మేం నలుగురైదుగురం కూర్చుని హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాస్తుంటాం. నేను తప్ప అందరూ ఇంజనీరింగ్ పిల్లలే. వాళ్లలో ఒకడు ఎనుమాముల మార్కెట్ తేజ, చపాటా మిర్చి ధరలను రోజూ ఒక ఫైల్లో ఎక్కించి, వారం సగటు తీసే చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాడు. ఇన్నాళ్లూ బాగానే నడిచింది. మొన్న కంపైలర్‌ను, అంటే మనం రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చే జీహెచ్‌సీ అనే ప్రోగ్రామ్‌ను, 9.6 వెర్షన్ నుంచి 9.12కు మార్చాడు, అంతే, ఆగిపోయింది. "అన్నా, నేను కోడ్ ముట్టనే లేదు. కంపైలర్ ఒక్కటే మార్చిన" అన్నాడు, దొంగతనం అంటగట్టినట్టు మొహం పెట్టి.

తెర మీద 'ఆంబిగ్యువస్ అకరెన్స్' అని ఉంది. ఒకే పేరు రెండు చోట్ల కనిపిస్తోంది, ఏది వాడమంటావని కంపైలర్ అడుగుతోందన్నమాట. ఆ పేరు ఫోల్డ్‌ఎల్ ప్రైమ్. ప్రాక్టీస్ కోసం ఆ ఫంక్షన్‌ను వాడు సొంతంగా రాసుకున్నాడు.

దాని పని చిన్నదే, జాబితాలోని విలువలను వరసగా కలిపి ఒక్కటి చేయడం. హాస్కెల్‌ది ఉద్దెర ఖాతా పద్ధతి. కూడమంటే వెంటనే కూడదు, "తర్వాత చూద్దాం" అని చీటీ రాసి పక్కన పెడుతుంది. మామూలు ఫోల్డ్‌ఎల్‌తో పొడవాటి జాబితా కూడితే చీటీలు గుట్టలుగా పేరుకుపోయి మెమరీ తినేస్తాయి. ప్రైమ్ ఉన్నది మాత్రం ఎప్పటి లెక్క అప్పుడే తేలుస్తుంది. ఇంత అవసరమైన ఫంక్షన్ ఏళ్ల తరబడి జాబితాల మాడ్యూల్లోనే ఉండిపోయింది. 2024లో 9.10తో దాన్ని ప్రెల్యూడ్‌లో, అంటే అడగకుండానే ప్రతి ప్రోగ్రామ్‌కూ అందే సరుకులో చేర్చారు. మంచి పనే. కానీ మావాడి సొంత ఫంక్షన్‌కు అదే పేరు.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1987లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన ఒక సదస్సులో ఫంక్షనల్ భాషల, అంటే ప్రోగ్రామ్ మొత్తాన్ని ఫంక్షన్లతో అల్లే భాషల పరిశోధకులు కలిశారు. అప్పటికి ఇలాంటి ఉద్దెర భాషలు డజనుకు పైగా ఉన్నాయి, ఎవరి భాష వాళ్లది. వాటిలో పేరున్నది డేవిడ్ టర్నర్ తయారు చేసిన మిరాండా. దాన్నే పునాదిగా తీసుకుంటామని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. దాంతో కమిటీ వేసుకుని కొత్త భాష మొదలుపెట్టారు, తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కర్రీ పేరు పెట్టారు. మొదటి నివేదిక మీద ఉన్న తేదీ 1990 ఏప్రిల్ 1. ఆ రోజు ఎంచుకోవడంలో చిలిపితనం ఉందేమో అనిపిస్తుంది నాకు.

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో కంపైలర్ పని 1989లోనే మొదలైంది. మొదటి నమూనాను కెవిన్ హామండ్ లేజీ ఎంఎల్ అనే వేరే భాషలో రాశారు. ఆ తర్వాత సైమన్ పేటన్ జోన్స్ బృందం దాన్ని హాస్కెల్‌లోనే తిరగరాసింది. అప్పటినుంచి ఇది పెరుగు తోడు వ్యవహారం. ఇవాళ్టి పెరుగుకు నిన్నటి పెరుగు కావాలి, కొత్త కంపైలర్ కట్టాలంటే పాత కంపైలర్ కావాలి. మొదటి తోడు మాత్రం పక్కింటి నుంచి వచ్చింది.

చిక్కుముడి ఉన్నది బేస్ అనే లైబ్రరీలో, అంటే కంపైలర్‌తో పాటే వచ్చే రెడీమేడ్ కోడ్ మూటలో. అంకెలు, జాబితాలు, మొనాడ్‌లు (పనులను ఒకదాని తర్వాత ఒకటి గొలుసుగా కలిపే పద్ధతి) అన్నీ అందులోనే. వాటిలో కొన్నిటి గురించి కంపైలర్‌కు లోపలి నుంచే తెలిసి ఉండాలి, అందుకే రెండింటినీ విడదీయలేని జంటగా పెంచారు. 9.6తో బేస్ 4.18, 9.8తో 4.19, 9.10తో 4.20, 9.12తో 4.21. కంపైలర్ పాతది ఉంచుకుని బేస్ ఒక్కటే కొత్తది తెచ్చుకుంటానంటే కుదరదు.

ఇక్కడే అసలు తలనొప్పి. హాస్కెల్ వాళ్ల లెక్కలో వెర్షన్‌లోని మొదటి రెండు అంకెల్లో ఏది మారినా "జాగ్రత్త, ఏదైనా విరగొచ్చు" అని అర్థం. అందుకని లైబ్రరీ రాసినవాళ్లు "బేస్ 4.19 కంటే తక్కువ ఉంటేనే" అని గేటు పెడతారు. కొత్త కంపైలర్ దిగగానే ఆ గేటు పడుతుంది. లోపల కోడ్‌కు ఏమీ కాకపోయినా సరే. నేను చూసినంతలో ఎక్కువసార్లు విరిగేది కోడ్ కాదు, ఈ అంకే. లైబ్రరీలు తెచ్చి ప్రోగ్రామ్ కట్టే పనిముట్టు కాబాల్‌కు 'అలౌ న్యూవర్' అని చెప్పి గేటు ఎత్తేస్తే సగం లైబ్రరీలు నోరెత్తకుండా కంపైల్ అవుతాయి. మిగతా సగంతో మన ఆదివారం పోతుంది.

నిజంగానే విరిగిన సందర్భాలు లేకపోలేదు. పాతవాళ్లు ఇప్పటికీ తలచుకునేది 2015 నాటి 7.10. మొనాడ్‌లు 1990లలోనే భాషలోకి వచ్చాయి, అప్లికేటివ్ అనే, వాటికంటే సాదా ఆలోచన తర్వాత వచ్చింది. గణితం ప్రకారం ప్రతి మొనాడ్ అప్లికేటివ్ కూడా. భాషలో మాత్రం ఆ చుట్టరికం రాసి లేదు. 7.10లో రాశారు. ఫలితంగా సొంత మొనాడ్ ఉన్న ప్రతి ప్యాకేజీ అదనంగా రెండు ఇన్‌స్టాన్సులు, అంటే ఆ చుట్టరికం ఎలా కుదురుతుందో చెప్పే కోడ్ ముక్కలు రాసుకోవాల్సి వచ్చింది. అదే విడుదలలో జాబితాల ఫంక్షన్లను చాలా రకాల డేటాకు విస్తరించారు. దాంతో మూడు, నాలుగు ఉన్న ఒక జతను పొడవెంత అని అడిగితే 1 అంటుంది! జతలో రెండోదే లోపలి సరుకు, మొదటిది దాని మీది చీటీ అని లెక్క. సిద్ధాంతం ప్రకారం తప్పు లేదు. మా గదిలో ఇది చూపించిన ప్రతిసారీ మాత్రం నవ్వులే.

2018లో 8.4 కూడా రెండు విలువలను కలిపి ఒకటి చేసే పద్ధతులైన సెమీగ్రూప్, మోనాయిడ్‌ల మధ్య ఇలాంటి చుట్టరికమే కలిపింది. 2021లో 9.0 టైపుల (డేటా రకాల) తనిఖీని సరళం చేసింది. ఆ సరళత కంపైలర్ రాసేవాళ్లకు, మనకు కాదు. అంతకుముందు ఫంక్షన్ పేరు ఒక్కటి ఇస్తే చాలిన కొన్ని చోట్ల లాంబ్డా, అంటే పేరులేని చిన్న ఫంక్షన్ పెట్టి విడమరిచి రాయాల్సి వచ్చింది. గోల ఎక్కువై, 9.2.4లో 'డీప్ సబ్‌సంప్షన్' అనే మీట పెట్టి పాత పద్ధతిని వెనక్కి తెచ్చారు. ఈ కంపైలర్ ఇలా వెనకడుగు వేయడం అరుదు.

ఏం చేసైనా సక్సెస్‌ను తప్పించుకోవాలని హాస్కెల్ వాళ్లకు పాత నినాదం ఒకటుంది. పేటన్ జోన్స్ చెప్పే అర్థం వేరు: అన్నీ వదులుకుని మరీ తెచ్చుకునే సక్సెస్ వద్దని. వాడేవాళ్లు తక్కువుంటే భాషను సరిదిద్దుకునే స్వేచ్ఛ ఎక్కువుంటుంది. పరిశోధకులకు అది బాగానే ఉంటుంది. బ్యాంకులో ఇదే భాషతో జీతం తెచ్చుకునేవాడికి మాత్రం ఆ స్వేచ్ఛ ఖరీదు తెలుస్తుంది.

ఈమధ్య గాలి మారింది. 9.10లో బేస్ లోపలి భాగాన్ని 'జీహెచ్‌సీ ఇంటర్నల్' అనే వేరే ప్యాకేజీలోకి తరలించడం మొదలుపెట్టారు. కంపైలర్‌తో ముడిపడిన సరుకు అక్కడ, జనం వాడే సరుకు బేస్‌లో. ఈ విడదీత పూర్తయితే కంపైలర్ మారినా బేస్ అంకె మారాల్సిన పని ఉండదు. బేస్‌లో మార్పు కోరేవాళ్లు కూడా ఇప్పుడు దానివల్ల ఏ ప్యాకేజీలు విరుగుతాయో ముందే కంపైల్ చేసి చూపించాలి, వాటికి ప్యాచ్‌లూ సిద్ధం చేయాలి. ఇక 9.14ను మొదటి ఎల్‌టీఎస్‌గా, అంటే కనీసం రెండేళ్లు మరమ్మతులు అందే విడుదలగా ప్రకటించారు. ముప్పై ఏళ్లు దాటిన కంపైలర్‌కు ఈ బుద్ధి కాస్త ఆలస్యంగానే వచ్చిందని నా అభిప్రాయం.

మావాడి ఫంక్షన్‌కు 'మొత్తం_కూడు' అని పేరు మార్చాం. ఆ ఎర్రర్ పోయింది. ఆ వెంటనే ఫైల్ చదివే లైబ్రరీ ఒకటి బేస్ 4.21 వద్దని గేటు వేసింది. అప్పటికే మధ్యాహ్నం రెండు దాటింది, కింద జిరాక్స్ షాపు షట్టర్ దించుతున్నారు. కంపైలర్ వెర్షన్లు మార్చే పనిముట్టు జీహెచ్‌సీ అప్‌తో 9.6కు తిరిగి మార్చుకుని, ఆ వారం మిర్చి సగటు చూసుకుని వాడు కాజీపేట బస్సెక్కాడు.